అవతలి జట్టు తలుపు

మూడేళ్ళపాటు ఆదివారం పొద్దున పూట ఒక మంచు హాల్లో నిలబడి "సంపు బిడ్డా" అని గొంతు చించుకున్నాను. సరదాకి కాదు. ఊరికే నోటికొచ్చిన మాటా కాదు. మనవాళ్ళం అలా అంటుంటామంతే అని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను గానీ, ఇక్కడ రాసేటప్పుడైనా అబద్ధం ఎందుకు? ఆ నిమిషంలో అవతలి పిల్లాడు పడి లేవకూడదనే నాకుండేది. హాలు నిండా జనం ఉన్నా ఆ మాట అర్థమయ్యేది ఒక్కదానికే. అది నా కూతురు.

మేముండేది లైప్‌జిగ్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పిల్ల మూడేళ్ళప్పుడు మాతో వచ్చింది. కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దాని స్నేహితురాలు స్కేటింగ్ నేర్చుకుంటోందని ఇదీ మంకుపట్టు పట్టింది. ఆ స్నేహితురాలు రెండేళ్ళకే మానేసి గుర్రపు స్వారీకి పోయింది. నాది మాత్రం కర్ర చేతికి తీసుకుంది. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఊరి జూనియర్ ఐస్ హాకీ జట్టులో డిఫెన్స్ ఆడుతోంది. జట్టులో మిగతా వాళ్ళంతా మగపిల్లలే.

ఆ వయసు ఆటలో ఒంటితో గుద్దడం తప్పు కాదు. నల్ల రబ్బరు బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాణ్ణి భుజంతో గుద్ది, చుట్టూ ఉన్న నడుమెత్తు గోడకేసి అదిమెయ్యొచ్చు. వెనకనుంచి గుద్దకూడదు, తల మీద కొట్టకూడదు, అంతే. గోడ మీద నిలబెట్టిన ప్లాస్టిక్ అద్దానికి మనిషి తగిలితే వచ్చే చప్పుడు కాళ్ళ కింది మెట్టు దాకా తెలుస్తుంది. మా ఆయన ఒకే ఒక్కసారి వచ్చాడు. పిల్లను ఇద్దరు కలిసి అద్దానికి నొక్కేసరికి కళ్ళు మూసుకుని, ఆట సగంలోనే పార్కింగుకి వెళ్ళిపోయాడు. "నాతోటి గాదు, మీ తల్లిబిడ్డలకో దండం. నువ్వే పో. నేను ఇంట్ల కూర వండుకుంట కూసుంట," అన్నాడు.

నేను మాత్రం ఒక్క ఆటా వదల్లేదు. చెప్పొద్దూ, నాకు ఆ చప్పుడు నచ్చింది.

ఆఫీసులో నేను నోట్లో నాలుక లేని మనిషిని. మీటింగులో ఎవరైనా నా మాటను మధ్యలో తుంచేస్తే "నో ప్రాబ్లం" అని నవ్వి ఊరుకుంటాను. ఒక ఆదివారం ఖాళీ సీసాలు పారేద్దామని వీధిలో గాజు సామాను వేసే డబ్బా దగ్గరికి వెళ్తే, కింది వాటా ముసలాయన నన్ను ఆపి, ఈ రోజు చప్పుడు చెయ్యకూడదని పది నిమిషాలు పాఠం చెప్పాడు. తలూపి సీసాలన్నీ మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాను. ఇవన్నీ ఎక్కడికి పోతాయి? కడుపులోనే ఉంటాయి. హాలు తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టి, తడి చేతితొడుగుల కంపు, కాల్చిన సాసేజ్ వాసన, ఆ చలి ముక్కుకు తగలగానే అన్నీ కలిసి గొంతులోకి వచ్చేవి.

హాలు గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ఆడేది పిల్లలు, మీరు కోచ్‌లు కారు, ఎవర్నీ తిట్టకండి, దెబ్బలాటకు ఉసిగొల్పకండి అని తల్లిదండ్రులకు హితవు. జర్మన్ తల్లులూ తండ్రులూ ఆ బోర్డుకి కట్టుబడి గంటలు వాయించేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, నోరు జారితే తమలో తామే గదమాయించుకునేవాళ్ళు. నాకా బాధ లేదు. ఆ బోర్డులో వద్దన్నవన్నీ నేను తెలుగులో అన్నాను. "తొక్కు బిడ్డా! బొక్కలు ఇరగ్గొట్టు! లేవకుంట గుద్దు వాన్ని!" ఈ దేశంలో నన్నెవరూ ఆపని చోటు అదొక్కటే అనుకున్నాను. ఒక మనిషి నోటికి ఇంత స్వేచ్ఛ ఉంటుందా అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

బ్రేకులో కేకులమ్మే బల్ల దగ్గర ఉండే పెద్దావిడ ఒకసారి నా చెయ్యి పట్టుకుంది. "మీరు మీ అమ్మాయిని ఎంత ప్రేమగా ప్రోత్సహిస్తారో! బిడ్డా, బిడ్డా అంటారే, ఆ తర్వాత చెప్పేదేమిటి?" అని అడిగింది. బాగా ఆడు తల్లీ అని అర్థం అన్నాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత రెండు ఆటల్లో మా వైపు జనమంతా డప్పు దరువుకి "బిడ్డా, బిడ్డా" అని అరిచారు. నాకు నవ్వాగలేదు.

పిల్ల మొదట్లో అంత గట్టిగా గుద్దేది కాదు. తోస్తే పక్కకు జరిగేది. పదమూడేళ్ళప్పుడు ఒకడు దాన్ని అద్దానికి నొక్కి మోచేత్తో పొడుస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఊకుంటవేందే? నీకు చేతుల్లేవా? కొట్టు!" అని అరిచాను. అది తలెత్తి నన్ను చూసింది. హెల్మెట్ జాలీ వెనక కళ్ళు కనిపించాయి. చిన్నగా తలూపింది. అంతే, వెనక్కి తిరిగి వాణ్ణి భుజంతో ఎత్తి కుదేసింది. వాడి కర్ర ఒకవైపు పడింది, వాడొకవైపు పడ్డాడు. నా ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ తలూపడం చూడ్డానికే నేను ప్రతి వారం వెళ్ళేదాన్నేమో. నేను అరిచేదాన్ని, అది తలూపేది, ఎవరో ఒకరు పడేవాళ్ళు.

పోయిన ఏడాది చలికాలం మొదట్లో ఒక జట్టు వచ్చింది. అందులో పదిహేడో నంబరు పిల్లాడు ఆట మొదలైనప్పటి నుంచీ మా పిల్లను వదల్లేదు. రెఫరీ అటు తిరిగితే చాలు, మోకాలి వెనక, ప్యాడ్ లేని చోట, కర్రతో కొట్టేవాడు. మూడుసార్లు కొట్టాడు, నేను చూశాను. నాలుగోసారి ఏదో అన్నాడు కూడా. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, వాడి జట్టువాళ్ళు నవ్వారు, మా పిల్ల కర్ర మీద చేతులు బిగిశాయి.

నేను మెట్లు దిగి అద్దం దగ్గరికి వెళ్ళి రెండు అరచేతులతో దాన్ని బాదాను. "పదిహేడు! గా పదిహేడోన్ని ఇడ్సిపెట్టకు బిడ్డా! ఇరగ్గొట్టు! సంపు వాన్ని!"

అది చూసింది. తలూపింది.

పదిహేడో నంబరు మూల నుంచి బిళ్ళ తీసుకోడానికి గోడ వైపు వంగి ఉన్నాడు. వీపు ఇటు ఉంది. మా పిల్ల హాలు సగం నుంచి వేగం పట్టి వెళ్ళి వెనకనుంచి గుద్దింది. ఎప్పుడూ వచ్చే చప్పుడు కాదది. చెరకు గడ విరిచినట్టు ఒకటి, ఆ వెంటనే అద్దం మోత. వాడు గోడ పొడుగునా జారి మంచు మీద బోర్లా పడ్డాడు. నాలుక కరుచుకున్నట్టున్నాడు, జాలీలోంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారి మంచు మీద గులాబీ రంగయింది. వాడు అరవలేదు. ఒక కాలు మాత్రం తన్నుకుంటోంది.

డప్పు ఆగిపోయింది. గంటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఎవరబ్బా అని పక్కకు చూడబోయాను. నా చేతులే. అరచేతులు మండుతున్నాయి. కేకుల పెద్దావిడ నన్ను చూస్తోంది. ఆవిడకి ఇక ఏ మాటకీ అర్థం అక్కర్లేదు.

వాడికి మెడ కింది ఎముక విరిగింది. మా పిల్లను ఆట నుంచి పంపేశారు, ఆ పైన కొన్ని ఆటలు ఆడకుండా నిషేధించారు.

కారులో అది వెనక సీట్లో, తన కిట్ సంచీ పక్కన కూర్చుంది. ముందు సీటు ఖాళీగా ఉంది. అద్దంలో దాన్ని చూస్తూ అడిగాను.

"గట్ల ఎన్కనుంచి గుద్దుతరా ఎవరన్న?"

"నువ్వే జెప్పినవ్ గదా."

"అరే, మనోళ్ళం ఉత్తగ అంటం గట్ల. సంపుత, నరుకుత అంటం. నిజంగ సంపుతమా?"

"లే మమ్మీ. నువ్వు ఉత్తగ అనలే. నీ మొకం సూసిన నేను." కిటికీ వైపు తిరిగి, "ఆడ అందరు ఒర్రుతరు. కోచ్ ఒర్రుతడు, డప్పు, గంటలు. నాకు అదంత లెర్మ్, ఒట్టి సప్పుడు. నీదొక్కటే మాట. నీ మాట ఇనొద్దనుకున్నా ఇనపడ్తది," అంది.

ఆ మాట గుచ్చుకుంది. నొప్పిని కోపం చేసుకోవడం నాకు అలవాటు. "అయితే తప్పంత నాదేనా?" అని రెచ్చిపోయాను.

"ఇంక నువ్వు రాకు. నువ్వస్తే నేను ఆడ. నిజంగ మానేస్త."

అన్నమాట నిలబెట్టుకునే పిల్ల అది. నాకు కూతురూ ఆటా రెండూ ఒకటే అయిపోయిన రోజులవి. ఇంట్లో మాకు మాట్లాడుకోవడానికి ఇంకేముంది? అన్నం తిన్నవా, డాక్టరు దగ్గర టెర్మిన్ ఎప్పుడు, షూ లేసులు కొనాలా, ఇంతే. మిగతాదంతా దానికి జర్మన్‌లోనే ఉంది. ఆ హాల్లో మాత్రమే అది నా వైపు చూసేది. ఆ చూపు పోతుందనే భయంతో ఆ శీతాకాలమంతా నాకు నిద్ర పట్టలేదు. దాని నిషేధం అయిపోయి మళ్ళీ ఆడటం మొదలుపెట్టినా, రెండు ఆటలు నేను పార్కింగులో కారులో కూర్చుని, గోడ అవతలి డప్పు విన్నాను.

దారి చూపించింది జట్టు పనుల జాబితా. అక్కడ సొంత హాల్లో ఆట జరిగినప్పుడల్లా పనులన్నీ తల్లిదండ్రులే పంచుకోవాలి. ఒకరు కేకులు, ఒకరు గడియారం, ఒకరు స్కోరు. అన్నిటికన్నా ఎవరికీ ఇష్టం లేని పని పెనాల్టీ పెట్టె తలుపు. తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలో ఐదు నిమిషాలో వచ్చి కూర్చునే చిన్న గది అది. మంచు మైదానం అంచునే ఉంటుంది. ప్రతి జట్టుకీ ఒకటి. శిక్ష అయిపోగానే లోపలున్న పెద్దమనిషి గడియ తీసి వాణ్ణి మంచు మీదికి వదలాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎవరి పక్షానా నోరెత్తకూడదు. అది గట్టి నియమం. జాబితాలో అవతలి జట్టు పెట్టె దగ్గర ఎవరూ లేరు.

పిల్లను బతిమాలాను. "ఆడ కూసుంటే ఒర్రనియ్యరే. నోట్ల గుడ్డ కుక్కుకుంట. ఒక్కపాలి సూడు."

"ఒక్క మాట?"

"ఒక్క మాట గూడ అన."

"అన్నవంటే నేను ఆన్నే స్కేట్స్ ఇప్పేస్త," అంది. ఒప్పుకున్నాను.

అలా ఆ శీతాకాలంలో మిగిలిన ఆటలు నేను శత్రువుల గదిలో కూర్చుని చూశాను. చేతితొడుగు వేలు పళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని. మా పిల్లను ఎవరైనా కొడితే ఉన్ని కొరికేదాన్ని. ఒక తొడుగుకి బొటనవేలే లేకుండా పోయింది. అయినా కిక్కురుమనలేదు.

అక్కడ కూర్చున్నాకే అవతలి పిల్లల మొహాలు మొదటిసారి చూశాను. పైనుంచి వాళ్ళు రంగు చొక్కాలూ నంబర్లూ. పెట్టెలోకి వచ్చి పక్కన కూలబడితే మొటిమలు, ముక్కు కారడం, పళ్ళకు క్లిప్పులు. కర్ర విసిరికొట్టి బూతులు తిట్టిన వాడే, హెల్మెట్ వంచుకుని నాకు కనపడకుండా ఏడ్చేవాడు. "ఇంకెంతసేపు?" అని అడిగేవాళ్ళు. ఒకటిన్నర నిమిషం అని చెప్పేదాన్ని. డాంకె అని థాంక్స్ చెప్పేవాళ్ళు. నేను చంపమని అరిచింది వీళ్ళనా అని సిగ్గేసేది. ఆ సిగ్గు మా పిల్లకు దెబ్బ తగిలే దాకానే, అది కూడా చెప్పాలి.

మార్చిలో ఆ జట్టు మళ్ళీ వచ్చింది. పదిహేడో నంబరు కూడా వచ్చాడు, ఎముక అతుక్కుని.

వాడు మొదటి నిమిషం నుంచీ దాన్ని వెతుక్కుంటూనే ఉన్నాడు. మూడుసార్లు గుద్దాడు. మా పిల్ల మూడుసార్లూ లేచింది, తిరిగి కొట్టలేదు. నేను మూడుసార్లూ తొడుగు కొరికాను. చివరి భాగంలో వాడు కర్ర దాని కాళ్ళ మధ్య పెట్టి పడేస్తే రెఫరీ ఈల వేశాడు. రెండు నిమిషాలు. వాడు నేరుగా నా పెట్టెలోకి వచ్చాడు.

నా చేతికి అందేంత దగ్గర. వాడి మెడ నాకు కనిపిస్తోంది. చేతులు దురదపెట్టాయి, దాచేదేముంది. వాడికి నేనెవరో తెలియదు. నీళ్ళ సీసా అడిగాడు, ఇచ్చాను. తాగి తిరిగి నా చేతికే ఇచ్చాడు.

అప్పుడు వెనక మెట్ల మీద నుంచి ఒక గొంతు వచ్చింది. మగగొంతు. జర్మన్ కాదు, నాకు తెలియని ఏదో భాష. తిరిగి చూస్తే ఒకాయన అద్దానికి ఆనుకుని నిలబడి, అరచేతులతో దాన్ని బాదుతూ అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతూ చూస్తున్నారు, కొడుకుని ఎంత ప్రేమగా ప్రోత్సహిస్తున్నాడో అన్నట్టు. నాకు ఒక్క మాట తెలియదు. ఒక్క మాట కూడా వదలకుండా అర్థమైంది.

పిల్లాడు తల తిప్పి పైకి చూశాడు. చిన్నగా తలూపాడు.

 వాడి శిక్షలో ఇంకా పది సెకన్లున్నాయి. మా పిల్ల మా ముందే, నాలుగు బారల దూరంలో, గోడ వైపు వంగి బిళ్ళ కోసం పెనుగులాడుతోంది. వీపు ఇటు ఉంది. వాడు లేచి నిలబడి తలుపుకి భుజం ఆనించాడు. గడియ నా చేతిలో ఉంది. తియ్యకుండా పట్టుకుని ఉంటే పోయేది. ఒక్క ఐదు సెకన్లు. తర్వాత నన్ను తిడితే తిట్టేవాళ్ళు, ఆ పని నుంచి తీసేస్తే తీసేసేవాళ్ళు. కానీ పక్కన గడియారం దగ్గరున్న మనిషి "తెరవండి!" అన్నాడు, నా చెయ్యి తెరిచేసింది. ఈ దేశంలో నన్ను ఎవరైనా ఏదైనా చెయ్యమంటే ఆలోచించకముందే చేసేస్తాను.

వాడు బాణంలా వెళ్ళాడు. నోట్లోంచి తొడుగు ఊడిపడింది.

"బిడ్డా!"

ఆ తర్వాత పక్కకు తప్పుకో అందామనుకున్నాను. ఎన్ని ఏళ్ళ నుంచి అరుస్తున్నానో, ఆ ఒక్క మాట ఆ హాల్లో నేను ఎప్పుడూ అనలేదు. నాలుక తిరగలేదు. "బిడ్డా" దగ్గరే గొంతు ఆగిపోయింది.

అంత గోలలోనూ అది విన్నది. బిళ్ళ వదిలేసి, నిటారుగా లేచి నా వైపు పూర్తిగా తిరిగింది. తిరగకుండా గోడకి ఆనుకుని ఉంటే భుజం మీద తగిలేది. తిరిగి నిలబడింది కాబట్టి ఛాతీ మీద తగిలింది. కాళ్ళు రెండూ పైకి లేచాయి. ముందు తల వెనక భాగం మంచుకు కొట్టుకుంది, తర్వాత చెయ్యి ఒంటి కింద మడతపడింది. హెల్మెట్ చప్పుడు నాకు ఇప్పటికీ కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా వినిపిస్తుంది. గుడికి వెళ్ళడం మానేశాను.

మళ్ళీ డప్పూ గంటలూ ఆగిపోయాయి. వెనక మెట్ల మీద ఒక్క జత చేతులు చప్పట్లు కొడుతున్నాయి. నేను తిరిగి చూడలేదు. ఆ చేతులు ఎంత మండుతుంటాయో నాకు తెలుసు. కాసేపటికి అవి కూడా ఆగాయి.

నేను మంచు మీద జారుతూ, పడుతూ, మోకాళ్ళ మీద పాకి వెళ్ళాను. పదిహేడో నంబరు అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. డాక్టరు దాని మెడ రెండు చేతులతో పట్టుకుని, కదలొద్దంటున్నాడు. గడ్డం చీరుకుపోయి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది. చెయ్యి ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. స్కేట్లు విప్పేస్తానని బెదిరించిన పిల్ల. మాట తప్పావని తిడుతుంది, తిట్టాలి, తిట్టు తల్లీ అనుకున్నాను.

నా మొహం చూసి పెదవులు కదిపింది. వంగి చెవి దాని నోటి దగ్గర పెట్టాను.

"బిడ్డా అన్నవ్ గదా మమ్మీ," అంది. "ఎవర్ని కొట్టమంటవో అని సూసిన."